చేట లేని ఫొటో

విజయనగరంలో ఫొటోల ప్రదర్శన. మొదటి బహుమతి వచ్చిన ఫొటోలో వాళ్లమ్మను చూడగానే శైలజకు ఒళ్లు మండిపోయింది. ఫొటో తీసిన అక్క మొగుడు పక్కనే నిలబడి నవ్వుతున్నాడు.

“ఏటి బావా, దీనికి ‘కరువు’ అని పేరెట్టావు?”

“ఆకాశం కేసి సేతులెత్తి వాన అడుగుతన్నట్టు నేదూ? సూసినోళ్లంతా కళ్లు తుడుసుకుంటన్నారు.”

“ఆ సేతుల్లో ఏటున్నాది?”

“ఏటీ కనబడదు కదా.”

“కనబడకుండా మణికట్ల కాడికి కోసేశావు. కళ్లెందుకు సగం మూసుకున్నాది?”

“బాధే, మరదలా.”

“బాధా? పొట్టు పడకుండా మూసుకున్నాది. జుట్టంతా పొట్టే, సూడు. ఇంక కింద నీడ సూడు. నీడలో తల మీద అంత వెడల్పుగా ఉన్నదేటి?”

అతను నీడ వైపు చూసి, గొంతు తగ్గించాడు.

“సేట.”

“కళ్లంలో నువ్వులు తూర్పారబడతన్న మనిషిని అడుక్కునేదాన్ని సేశావు!”

“నేనేటీ కల్పించనేదే. ఉన్నదే తీశాను.”

“ఉన్నదే తీశావు, తీసి కోసేశావు. ఆ నువ్వుల్లోంచే అక్కకి మూట కట్టింది. బండి మీద నువ్వే అట్టుకెళ్లావు.”

“మెల్లగా మాటాడు, అందరూ సూస్తన్నారు.”

“సూడనీ. అమ్మ గుమ్మం కాడ సెప్పులిప్పుతన్నాది. అల్లుడు తన ఫొటో పెద్దది సేయించాడని కొత్త కోక కట్టుకొచ్చింది. నా సేట ఏదీ అని అడుగుతాది. నువ్వే సెప్పు.”