మార్చుకున్న వంతు

చేపల వేట నిషేధం మొదలై వారమైంది. జువ్వలదిన్నె ఒడ్డున, ఇసుకలోకి లాగిన పడవ నీడలో కూర్చుని అతను చినిగిన వల కుడుతున్నాడు. భార్య గబగబా వచ్చి ఎదురుగా నిలబడింది.

"మీ అమ్మను రేపు మనింటికి తెస్తున్నారంట. ఈ నెల మీ అన్న వంతు గదయ్యా!"

"వంతులు మార్చుకున్నాం."

"ఎవుర్నడిగి? పిలకాయల్ని ఊటీకి తీసకపోదామని టిక్కెట్లు తీసి నెలయింది. మీ అన్న బతిమాలంగానే కరిగిపోయినావా?"

"అన్న అడగలా. నేనే అడిగినా."

"నువ్వా!"

"పది నెల్లు సముద్రం మీదే ఉంటానే. మన వంతొచ్చినా అమ్మ మొకం చూసేదెప్పుడు? వేట లేనప్పుడన్నా దగ్గిరుండి చూసుకుందామని..."

"చూసుకునేది నువ్వా? మంచం పట్టిన మనిషికి నీళ్లు పోసేదెవురు, గుడ్డలు మార్చేదెవురు? నువ్వు పక్కన కూర్చోని కబుర్లు చెప్తావు. కొడుకంటే నీయట్టా ఉండాలని ఊరంతా అంటది!"

అతని చేతిలో సూది ఆగింది.

"మగోణ్ణి, అమ్మకు నేనెట్టా నీళ్లు పోసేదే?"

"మగబిడ్డవని నీకు పోయకుండా వదిలేసిందా ఆమె? నేనూ పిలకాయలూ ఊటీకి పోతాం. ఈసారి నువ్వే చెయ్యి."

నాలుగడుగులు వేసి, ఆమె వెనక్కి తిరిగింది.

"నీళ్లు వేడిగా పొయ్యమాక. వీపున పుండుంది."

"పుండా? ఎప్పట్నించి?"

"పోయినేడు వేట నిషేధంలో, మన వంతప్పుడు లేచింది. నువ్వు పక్కనే కూర్చోనుండావులే!"