మాస్టారి బల్ల మీద మా పిల్ల: శ్రీ ఓడిలోన్ క్లారౌట్ గారి పదవీ విరమణ వేళ

1984 సెప్టెంబరు మూడవ తేదీ సోమవారంనాడు, ఇరవై ఆరేళ్ల ప్రాయంలో, మన పట్టణ సంగీత పాఠశాలలో ఆర్గన్ ఉపాధ్యాయులుగా అడుగుపెట్టిన శ్రీ ఓడిలోన్ క్లారౌట్ గారు ఈ జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. లేయీ నది ఒడ్డున అవిసె నార తీసే కుటుంబంలో జన్మించి, గెంట్ నగరంలో సంగీతవిద్య ముగించుకొని వచ్చిన వారికి ఆ ఏడాదే పెద్ద చర్చిలో ఆర్గన్ వాయించే బాధ్యత కూడా దక్కింది. నాటి నుండి వారమంతా పిల్లలకు పాఠం, ఆదివారం దివ్యపూజకు నాదం, రెండూ వారి చేతుల మీదుగానే సాగాయి.

చేతులతోనూ కాళ్లతోనూ ఆర్గన్ వాయించేవారు బలిపీఠానికి వీపు పెట్టి పైన మేడలో బల్ల మీద కూర్చుంటారు కనుక, కింద జరిగేదంతా ఎదుట వేలాడే చిన్న అద్దంలోనే చూడాలి. ఒక ఈస్టరునాడు ఫాదర్ గారు ప్రసంగం మధ్యలో కళ్లజోడు సర్దుకోవడానికి చెయ్యెత్తితే, అదే సైగ అనుకొని మాస్టారు ముగింపు కీర్తన అందుకున్నారు. జనం లేచి పాడేసి ఇళ్లకు బయలుదేరారు.

"నేనింకా నరకం దగ్గరే ఉన్నానయ్యా, నువ్వప్పుడే వీళ్లని స్వర్గానికి తోలేశావు!" అని ఫాదర్ గారు గోల పెట్టారు.

"పొయ్యి మీద మాంసం పెట్టొచ్చిన ఆడవాళ్లు నాకు దణ్ణం పెట్టి వెళ్లారు ఫాదర్!" అన్నారట మాస్టారు.

ఈ కథకు ఊరంతా నవ్వినా, పాఠశాల కార్యాలయంలో తరగతుల వేళలు చూస్తూ, ఇలాంటి వీడ్కోలు వ్యాసాలు కూడా రాసే అల్మా దెప్రేకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆమె కూతురు తిల్డా తొమ్మిదో ఏట మాస్టారి శిష్యురాలైంది. అసలే ఉబ్బసపు పిల్ల, పాఠానికి ఎక్కే ఆ మేడలో ఈదురుగాలి, చీకటి ఇరుకు మెట్లు. కాలు జారితే? ఊపిరి అందకపోతే? ఆ భయం ఒక ఎత్తు, కడుపులో మంట ఒక ఎత్తు. లెక్కల్లో తప్పిన సంగతైనా, స్నేహితురాలితో తగవైనా ముందు మాస్టారి చెవిన పడి, తరువాతే తల్లిదాకా వచ్చేది.

"జ్వరమొస్తే నాకు చెప్పవేమే?"

"నీకు చెబితే అంబులెన్సు పిలుస్తావమ్మా. మాస్టారైతే ముక్కు తుడుచుకుని మళ్లీ వాయించమంటారు."

కషాయాలు కాచింది తాను, రాత్రులు కాపలా కాసింది తాను. పిల్ల ముఖం వెలిగేది మాత్రం ఆయన అనే ఒక్క "ఊఁ, ఫరవాలేదు"కి. ఆ మాట విన్నప్పుడల్లా అల్మాకు అన్నం సహించేది కాదు.

ఈ వసంతంలో చర్చివారు, అక్కడి ఆర్గన్ కూడా వదులుతున్న మాస్టారి స్థానానికి పదిహేడేళ్ల తిల్డాను అడిగారు. తల్లి ఒప్పుకుంటేనే అన్నారు. అల్మా తిన్నగా తరగతి గదికి వెళ్లింది.

"మీరు దిగిపోతూ నా పిల్లని ఆ మేడకి కట్టేసి పోతారా మాస్టారూ? ఇప్పటికే అది నాకు సగమే మిగిలింది."

"మీకు సగమైనా మిగిలిందమ్మా. ముప్పై తొమ్మిదేళ్ల నా బల్ల మొత్తం ఆ పిల్ల లాక్కుంటోంది. నేనెవరితో పోట్లాడను? ఆదివారం రండి, పక్కపక్కన కూర్చుందాం. ఎవరికెక్కువ మండుతుందో తేలిపోతుంది."

ఆ ఆదివారం క్లారౌట్ గారు మొదటిసారి కింద, అందరి మధ్య కూర్చున్నారు. పైన తిల్డా వాయిస్తుంటే వారి బూట్లు బల్లకింద వాటంతటవే కదలసాగాయి. నెమ్మదైన చరణంలో ఒకచోట నాదం చటుక్కున ఆగి, రవ్వంత నిలిచి, మళ్లీ మెల్లగా సాగింది.

"అక్కడ ఆగమని నేను నేర్పలేదే," అన్నారు ముఖం ముడుచుకొని.

"అది నాకు తెలుసు మాస్టారూ. చిన్నప్పుడు నిద్రలో దాని ఊపిరి అలాగే ఆగి మళ్లీ అందుకునేది. ఆ కాస్త సేపు నా ప్రాణం పోయి వచ్చేది."

ఇన్నేళ్లుగా అల్మా తనను చూసిన అసూయ చూపుతోనే మాస్టారు ఆమెను చూశారు.

"అయితే, ఈ పాటలో అన్నిటికన్నా మంచిచోటు మీదన్నమాట," అన్నారు చివరికి, కాస్త కష్టంగానే.

బయట ఫాదర్ గారు అడిగితే అల్మా అంది: "సరే, కూర్చోనివ్వండి. ముందా మెట్లకి ఒక దీపం పెట్టించండి."

క్లారౌట్ గారు చలిగాలిలో మఫ్లరు లేకుండా సైకిలెక్కరాదని, దగ్గును చిన్నదనుకోరాదని మనవి. సతీసమేతంగా ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చొని, మా పిల్ల తప్పులు ఏరుతూ, ఒప్పులకు కొంచెం కుళ్లుకుంటూ, ఆ కుళ్లుకునే ఓపిక నూరేళ్లూ తరగని ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని మా కార్యాలయం యావత్తూ మనసారా కోరుకుంటున్నది.