పదకొండు వైర్లు, ఒక టార్చి

"టీవీ కొనడం ఎవరైనా కొంటారు బామ్మర్దీ. దాని వెనకాల చెయ్యి పెట్టడానికి మాత్రం గుండె ఉండాలి," అంటూ కండక్టరు బావ బల్ల మధ్యకి జరిగాడు. వీధిలో అందరికీ ఆయన బావే, టీకొట్టు అక్కకి మాత్రం తమ్ముడు. డ్యూటీ దిగి ఇక్కడ కూర్చుని నోరు తెరిచాడంటే చేతిలో టీ చల్లారాల్సిందే గానీ ఆయన కథ చల్లారదు.

ఆవేళ వింటున్నవాళ్లలో ఒకడికి నిజంగానే అవసరం ఉంది. రోడ్డవతల సెలూన్ నడిపే అతను కొత్త టీవీ తెచ్చాడు. పాతదాని వెనకాల వైర్ల చిక్కు చూసి జడిసి, ఏ వైరూ ముట్టుకోకుండా వచ్చి ఇక్కడ కూర్చున్నాడు. రేపు సాయంత్రం ఫైనల్ మ్యాచ్. వీధి మొత్తాన్ని కొట్టుకి పిలిచేశాడు. బొమ్మ రాకపోతే ఇక తలెత్తుకు తిరగలేడు.

"మా ఇంట్లో ఎన్ని వైర్లున్నాయో తెలుసా? పదకొండు. డిష్ డబ్బా, పాటల డబ్బా, సీడీల డబ్బా, మావాడి గేముల డబ్బా, పీపాల్లాంటి స్పీకర్లు రెండు. రిమోట్లే నాలుగు. మీ అక్కయ్య సీరియల్ చూడాలంటే రెండు రిమోట్లు నొక్కి, మూడోది దిండు కింద వెతికి, నాలుగోదానికి బ్యాటరీలు మార్చేసరికి అక్కడ పెళ్లయిపోయి పిల్లలు పుట్టేసేవాళ్లు. సరే, కొత్త టీవీ వచ్చింది. తలుపంత ఉంది. షాపువాళ్లు గోడకి బిగించి, పాత వైర్ల జోలికి మేం రామండీ అని దండం పెట్టి వెళ్లిపోయారు. నేను చొక్కా చేతులు మడిచి, డబ్బాలున్న బల్ల ముందుకి లాగి, వెనక్కి దూరా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది బావా?" సెలూనతను ముందుకి వంగాడు.

"నల్ల వైరొకటి పట్టుకుని లాగా. వస్తోంది. ఇంకా లాగా. ఇంకా వస్తోంది. దాంతోపాటు మూడేళ్ల కిందట పోయిన నా ఎడమ చెప్పు వచ్చింది, మా అమ్మాయి పాలపన్ను వచ్చింది. దుమ్మంటావా, గోనెసంచి నిండింది. ఓ ముసలి బల్లి కొడుకుల్నీ కోడళ్లనీ మనవల్నీ వెంటబెట్టుకుని బయటికొచ్చి, నావంక ఓ చూపు చూసి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది."

"అయ్యో, ఎక్కడికెళ్లిందో పాపం," అంది అక్క, గ్లాసులు కడగడం ఆపి.

"ఎదురింట్లో దిగిందక్కా, సర్దుకున్నారు. నేను మాత్రం ఆగలేదు. అరవై వైర్లాయె..."

"ఇందాక పదకొండన్నావు," గుర్తుచేసింది అక్క.

"పైకి కనబడేవి పదకొండు. లోపల వాటి చుట్టాలుండరూ? ఆ చుట్టాల్లో ఒకదాన్ని పట్టి లాగేసరికి గోడవతల పక్కింటి వదిన కేక. అన్నయ్యగారూ, మా మిక్సీ దానంతటదే నడిచి గోడ దగ్గరికొస్తోందండీ అని! క్షమించమ్మా అని అది వదిలేసి ఇంకోటి అందుకున్నా. అది లాగితే వీధి చివరి దీపస్తంభం వంగి మా కిటికీలోంచి లోపలికి చూసింది. నీకిక్కడేం పని, పోయి నిలబడు అని గదిమా. పోయి నిలబడింది. కావాలంటే చూడండి, ఇప్పటికీ మా ఇంటివైపే వంగి ఉంటుంది."

అందరూ మెడలు తిప్పి చూశారు. స్తంభం వంగే ఉంది. పదేళ్లుగా అలాగే ఉందన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాలేదు.

"మొత్తానికి అక్కర్లేనివన్నీ పీకేసి, ఉన్న నాలుగింటికీ రెండేసి చివరలా రంగు గుడ్డముక్కలు కట్టా. రిమోట్ ఒక్కటే. ఇక బొమ్మంటారా, మొన్న సినిమాలో వాన పడితే మీ అక్కయ్య పరిగెత్తుకెళ్లి దండెం మీది బట్టలు తీసుకొచ్చింది. క్రికెట్లో సిక్సరు కొడితే బంతి మా సోఫా కింద దొరికింది. నిన్న వార్తలు చదివే అమ్మాయి మధ్యలో ఆగి, సౌండ్ సరిపోతోందా సార్ అనడిగింది. కాస్త తగ్గించమ్మా, అత్తగారు పడుకున్నారు అన్నా. తగ్గించింది!"

బల్లంతా నవ్వులే నవ్వులు. సెలూనతను మాత్రం లేచి నిలబడ్డాడు.

"పద బావా."

"ఎక్కడికి?"

"నా కొట్టుకి. తొమ్మిదో పదో వైర్లు. అరవై తేల్చినవాడివి, నీకదో లెక్కా!"

బావ గ్లాసులోకి చూసుకున్నాడు. ఖాళీగా ఉంది. "ఇవాళ చెయ్యి పట్టేసింది బామ్మర్దీ. పొద్దుట్నుంచి టికెట్లు చింపి చింపి..."

సెలూనతని మొహం వాడిపోయింది. అప్పటిదాకా ఓ మూల కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్న టైలరు దారం కొరికి తలెత్తాడు.

"ఒక్క మాట బావా. పసుపు గుడ్డ ఏ వైరుకి కట్టావు?"

"పసుపా? పసుపు... కరెంటుకి."

"ఆకుపచ్చ?"

"అదీ కరెంటుకే."

"ఆ ముక్కలు కత్తిరించి ఇచ్చింది నేను. వచ్చి అడిగి తీసుకెళ్లింది మీ అత్తగారు. పసుపు సౌండుకి, ఆకుపచ్చ బొమ్మకి అని నాక్కూడా చెప్పారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు కూర్చుని ఊరందరికీ చేత్తో లైన్లు కలిపిన మనిషి. రెండు చివరలూ చూడందే ఏ తీగా లాగకూడదయ్యా అన్నారు. మీ పదకొండింట్లో ఏడు అసలు దేనికీ తగిలించే లేవట."

"ముప్పై ఏళ్లే!" అంది అక్క, బుగ్గన చెయ్యి పెట్టుకుని.

బావ తల గోక్కుని, ఇక దాచలేక నవ్వేశాడు. "నిజం చెప్పొద్దూ, నేను ఒక్క వైరు లాగితే ఇంట్లో ఫ్యాను కూడా ఆగిపోయింది. డెబ్బై రెండేళ్ల మనిషి, నేలమీద చతికిలబడి ఒక్కో వైరూ వేలితో తడుముతూ, ఇది ఇక్కడ బయల్దేరి ఇక్కడికి చేరుతుంది అని చెబుతుంటే నోరు తెరుచుకుని చూశాను. గంటలో తేల్చేసింది మహాతల్లి. అడిగితే నీ కొట్టుకీ వస్తుంది బామ్మర్దీ, అలాంటి పనంటే ఆవిడకి ప్రాణం."

సెలూనతని మొహంలోకి మళ్లీ కళ వచ్చింది.

"మరి ఆ గంటసేపూ నువ్వేం చేశావు తమ్ముడూ?" అడిగింది అక్క.

బావ నిటారుగా కూర్చున్నాడు. "టార్చి పట్టుకున్నా! అలా ఇలా కాదక్కా. ఆ వెలుగుకి పక్క వీధివాళ్లు తెల్లారిందనుకుని సాయంత్రం పూట పళ్లు తోముకున్నారు."

సెలూనతను బావ భుజం మీద చెయ్యి వేసి లేవదీశాడు. "పద బావా, అత్తగారిని పిలుచుకొద్దాం. ఆవిడకి నా కొట్లో ఉన్న మంచి కుర్చీ వేస్తా. నీకు టార్చి ఇస్తా."