బోగోమీర్ మాస్టారి పదమూడో నక్షత్రం

సరిగ్గా పదీ పదికి జర్యా గుండెల్లో రాయి పడింది. మారిబోర్‌లో చరిత్ర, పౌరశాస్త్రం టీచర్లకి యూరప్ మీద శిక్షణ. "మన స్లొవేనియా యూరోపియన్ యూనియన్లో చేరిందెప్పుడమ్మా?" అని శిక్షణ ఇచ్చేాయన ఆమెని అడిగారు. బళ్ళో పిల్లలు కూడా చెప్పే తేదీ, ముప్పైమంది చూస్తుండగా ఆమె నోట్లోంచి ఊడిపడలేదు.

రెండింటికి నమూనా పాఠం చెప్పాల్సింది తనే. వెనక బెంచీలో తనిఖీ అధికారి కూర్చుంటాడు. నెగ్గితేనే ప్తూయ్ ఊరి బళ్ళో ఉద్యోగం ఖాయం. మళ్ళీ నోరు పడిపోతే? అందుకే విరామంలో పరిగెత్తి ఒకటిన్నర బస్సుకి టికెట్టు తెచ్చుకుంది. చెప్పాపెట్టకుండా జారుకుందామని సంచీ సర్దుకుని, కాఫీల గదిలో ఓ మూల నక్కింది.

అక్కడ బోగోమీర్ మాస్టారు దర్బారు తీర్చి ఉన్నాడు. ముప్పయ్యేళ్ళుగా పౌరశాస్త్రం చెబుతున్నాడు, మీసం నిండా పోటిత్సా రొట్టె పొడి.

"భయమా? నాకా? రెండువేల తొమ్మిదిలో బ్రస్సెల్స్‌లో ఇలాంటి శిక్షణకే వెళ్ళా. సభ్యదేశాల పేర్లు చీటీలేశారు. ఎవరికే దేశమొస్తే సాయంత్రం దాకా ఆ దేశం మంత్రిలా మాట్లాడాలి. నాకు క్రొయేషియా వచ్చింది. కాగితం చూడకుండా మాట్లాడా, అంతే."

"ఎంతసేపు మాట్లాడారేమిటి?" అన్నాడు రాయ్కో, పక్క బడి మాస్టారు.

"పద్నాలుగ్గంటలు! చేపలవేట మీద. అందరూ సరే అన్నారు, నేనొక్కణ్ణే ససేమిరా అన్నా. ఒక్కడు కాదంటే బండి కదలదు కదా, తలుపులేసేశారు. అద్దాల గదుల్లో అనువాదకులు ఇరవై మూడు భాషల్లో గొంతులు పోగొట్టుకుని చేతులతో సైగలు చేస్తున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"భోజనాలకి వదిలుంటారు."

"నీ మొహం! పక్క హాల్లో అసలు మంత్రులు వాళ్ళ మీటింగు ఆపేసి వచ్చి మా గోడ వారన నిలబడ్డారు. అవతల ఏడ్రియాటిక్ సముద్రంలో చేపలు నా వాదన విని, ఏ దేశం వలలో పడాలో వాటంతటవే వరసలు కట్టాయంటే నమ్ము!"

"టీవీలో విన్నాయా మాస్టారూ?"

"నీళ్ళలో శబ్దం ఎంత దూరం పోతుందో నీకేం తెలుసు? చివరికి యూనియన్ జెండా దింపారు. పన్నెండు నక్షత్రాలుంటాయి కదా, నా పేరు మీద పదమూడోది కుడతామన్నారు. సూదిలో దారం కూడా ఎక్కించేశారు! నేనే వద్దన్నా, పాపం పిల్లలకి బొమ్మ గీయడం కష్టమవుతుందని."

గది గొల్లుమంది. జర్యాకి మాత్రం నవ్వు రాలేదు. ఆ కథలో ఏదో ముల్లులా గుచ్చుకుంటోంది. ఆపుకోలేకపోయింది.

"మాస్టారూ, క్రొయేషియా చేరింది రెండువేల పదమూడులో కదండీ! తొమ్మిదిలో వాళ్ళకి కుర్చీ ఎక్కడిది? సముద్రం సరిహద్దు తగువు పెట్టి, ఆ ఏడాది వాళ్ళని గుమ్మం బయటే నిలబెట్టింది మనమే! అప్పటికి మనం చేరి అయిదేళ్ళు. రెండువేల నాలుగు, మే ఒకటి, శనివారం!"

అనేశాక గానీ తనేమందో తెలియలేదు. పొద్దున రానన్న తేదీ, వారంతో సహా వచ్చి నిలబడింది.

రాయ్కో బల్ల మీద దబదబా బాదాడు. "అయ్యో మాస్టారూ! లేని కుర్చీలో పద్నాలుగ్గంటలు ఎలా కూర్చున్నారండీ?"

మాస్టారు మీసం దులుపుకున్నాడు. "కూర్చున్నానని ఎవడన్నాడు? నిలబడే మాట్లాడా!"

ఈసారి జర్యా పగలబడి నవ్వింది. పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి బయటికొచ్చేసి, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. గోడ గడియారంలో ఒకటీ ఇరవై. సంచీలోంచి టికెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒకటిన్నర బస్సుకి పారిపోదామని కొన్నా. ఇప్పుడు దీన్నేం చెయ్యమంటారు, మీరే చెప్పండి!"