పైకి చెప్పిన పేరు

1910. హంగరీ రాజ్యంలో ఒక స్లొవాక్ కొండపల్లె. ఆ రోజుల్లో ఓటంటే అధికారుల బల్ల ముందు నిలబడి, అందరూ వింటుండగా పేరు పైకి చెప్పడమే. పార్లమెంటు ఎన్నికకు పట్నం వెళ్లిన ఒండ్రేయ్ తిరిగి వచ్చేసరికి భార్య జుజానా గుమ్మంలోనే ఉంది.

“టోపీకి ఆ ఈకేంటయ్యా?”

“ఎవరో గుచ్చారు. నీళ్లియ్యి ముందు.”

“దొరగారి పార్టీ ఈక అది. వాళ్లు పెట్టిన గూలాష్ మాంసం కూర కూడా తిన్నట్టున్నావే, మీసానికి అంటుకుంది.”

“అందరూ తిన్నారు. దారంతా బురద జుజా, ఎద్దులైతే పాపం…”

“ఎద్దుల సంగతి తర్వాత. ఎవరి పేరు చెప్పావు?”

“అబ్బ! చెప్పాలే ఎవరిదో.”

“ఎవరిదో అంటే?”

“దొరగారి మనిషిదే! చాలా? బల్ల పక్కనే దివాన్జీ కూర్చున్నాడు. పచ్చికబీడు కౌలు లాగేసుకుంటే ఆవుల్ని మన నెత్తి మీద మేపుకుంటామా?”

“నేనేమన్నా అన్నానా? మంచిపనే చేశావు.”

“మంచిపనా! మన పిల్ల హన్కా గొంతు పూడుకుపోయి నీలంగా అయిపోతే, మంచులో కొండెక్కి వచ్చి బతికించిన డాక్టరే వాళ్ల మీద పోటీకి నిలబడింది. ఆయన ఎదురుగా నిలబడి ఇంకొకడి పేరు చెప్పాను. ఛీ, ఇదీ ఒక నోరేనా!”

“ఊరుకో. ఆయనేం అనుకోడు.”

“మనూరివాళ్లంతా నా వెనకే వరసలో ఉన్నారు. ఒండ్రేయ్ ఎవరి పేరు చెబితే మేమూ అదే అనుకున్నారు. అందరూ అదే పేరు! ఓడిపోయాడు జుజా. నా మూలానే ఓడిపోయాడు.”

“భయం ఎవరికుండదు? దొరతో వైరం మనకెందుకు?”

“పొద్దున బండి కట్టేటప్పుడు లేదే భయం! కౌలు పోతే పోనీ, కలో గంజో తాగి బతుకుదాం అనుకునే వెళ్లాను.”

“ఏంటీ? డాక్టరుగారి పేరే చెబుదామనుకున్నావా?”

“మరి!”

“నాకో మాట చెప్పలేదేం?”

“చెబితే అడ్డుపడతావని. బల్ల దగ్గరికి వెళ్తుంటే ఆయనే వచ్చి భుజం మీద చెయ్యేశాడు. ‘నీ ఇబ్బంది నాకు తెలుసు ఒండ్రేయ్. వాళ్ల పేరే చెప్పు, నేనేమీ అనుకోను’ అన్నాడు. అంతే, నా ధైర్యమంతా నీరుగారిపోయింది. అసలు నా ఇబ్బంది ఆయనకెలా తెలుసంటావ్? ఏమే, ఏడుస్తావెందుకు?”

“నిన్న నేనే వెళ్లి ఆయన కాళ్లు పట్టుకున్నానయ్యా… ‘మా ఆయన పిరికివాడు బాబూ, మనసులో పెట్టుకోకండి’ అని.”