ఆ పెట్రోల్ ఏడికెల్లి వచ్చింది?

"నానమ్మా, తాత అడివిల బండి మీద తిరిగేటోడు కదా. నడుమల పెట్రోల్ అయిపోతే ఎట్ల చేస్తుండె?"

ఎట్ల చేస్తుండె అంటే... ఏం చెప్పాలె బిడ్డ, కూసో జర. నా మాటలు ఆ ఫోన్ల ఎక్కిస్తున్నవా? ఎక్కించుకో. నేను ముందుది ఎన్కకు, ఎన్కది ముందుకు చెప్త, నువ్వే సక్కగ పెట్టుకో. రేపు ఎన్ని గంటలకు ఎల్లుడు? గంత పొద్దుగాల్లనా! బస్తర్ అంటే భద్రాచలం దాటినంక అంటివి కదా. నలుగురు ఆడపిల్లలు, నాలుగు బండ్లు. మీ అమ్మ రెండు రోజుల సంది సక్కగ తింటలేదు. నాకు మాత్రం ఫికర్ లేదా? ఉంది. కాని నేను వద్దంటే నువ్వు నవ్వుతవ్, ఎందుకంటే నీ ఈడుల నేను ఎన్క సీటు మీద కూసొని గసొంటి అడివిలనే తిరిగిన.

అసలు నీ బండే నాకు సమజ్ కాదు. నిన్న ఆబిడ్స్ దాక ఎక్కించుకపోయినవ్ కదా, పెట్రోల్ డబ్బా కొననీకి. ఇంకెంత దూరం పోతదో నీ బండి మీద నంబర్ వస్తుండె. పోయేటప్పుడు ఒక నంబర్. సిగ్నల్ కాడ ఆగంగ ఆగంగ అది తగ్గింది. సరే, పెట్రోల్ కాలింది, తగ్గింది. మల్ల స్టేషన్ రోడ్డు మీద ఖాళీగ, మెల్లగ వస్తుంటే నంబర్ పెరిగె! ఒక్క చుక్క పోయలే, ఎట్ల పెరుగుతది? మెల్లగ నడిపితే లెక్క మారుతదని నువ్వు చెప్పినవ్ కాని నా తలకాయకు ఎక్కలే. పైకెల్లి రిజర్వ్ పడితే నంబర్ పోయి ఉత్త గీతలొస్తయంటివి. అంటే అవసరం పడ్డప్పుడే నోరు మూస్తదన్నట్టు. గదేం బండే!

మీ తాత బండికి నంబర్లు లెవ్వు, ఏం లెవ్వు. మీటర్ ముల్లు కూడ ఎన్నడో ఇరిగింది. ఆబిడ్స్‌ల కుట్టు మిషన్ల దుకాణంల మెకానిక్ కదా. సర్కారోళ్లు అడివిల ఊర్లల్ల ఆడోళ్లకు కుట్టు నేర్పే సెంటర్లు పెట్టిన్రు. మిషన్లన్ని గీ దుకాణం నుంచే పోయినయి. ఒక మిషన్ ఖరాబైతే దాన్ని ఈడికి తెచ్చుడు కాదు, ఈయననే ఆడికి పోవుడు. ఆదిలాబాద్, ఉట్నూరు, జైనూరు, గటు దిక్కంత. గప్పుడు పెట్రోల్ ఎంతుండె... ఆరు రూపాయలు. కాదు కాదు, ఐదే ఉండె, మీ నాయన పుట్టినంక ఆరాయె. మేం ఉన్న గీ నాంపల్లి గల్లీల కిరాయి గుడ తక్కువనే, కాని నల్లా ఒక్కటే, ఏడు కుటుంబాలకు. పొద్దున్నే నీళ్ల కాడ లొల్లి... అగో, ఏడికో పోతున్న నేను.

ఔ, పెట్రోల్. ఆయనకు ఒక పద్ధతుండె. నిర్మల్‌ల ఫుల్ టాంకి. ఆడినుంచి కిలోమీటర్ రాళ్లు లెక్కపెట్టుడు నా పని. ఆయన నడిపితే నేను ఎనకకెల్లి "ఇంకొకటి" అంటుండె. నడుమ కునుకు పడితే లెక్క తప్పుతది, నేను చెప్పకపోతుంటి, గుట్టుగ రెండు కలిపి చెప్పేదాన్ని. చెట్ల నీడకు బండి ఆపినప్పుడల్లా ఆయన టాంకి మూత తీసి, బండిని రెండు దిక్కులా ఊపి, చెవి పెట్టి ఇంటుండె. దవాఖానల డాక్టర్ ఛాతీ మీద పెట్టి ఇన్నట్టు. "ఇంకుంది, ఎక్కు" అంటే ఎక్కుడు. గుట్ట దిగేటప్పుడు ఇంజన్ బంద్, ఉత్తగనే జారుడు. సంచిల లుంగిల చుట్టి ఒక సీస పెట్రోల్. అదొక్కటి నేనే బంద్ చేయించిన, ఎందుకంటే ఒకపారి మూత ఊడి నా సుల్తాన్ బజార్ చీర, కొత్తది, మొత్తం కంపు. నెల రోజులు ఆరేసిన, పోలే.

ఇగ ఆ తాప ముచ్చట చెప్త. నువ్వడిగినవ్ గనక చెప్తున్న, ఎవరికీ గింత పొడుగు చెప్పలే. ఆసిఫాబాద్‌ల మా అక్క ఉండె, మా బావ ఆడ బడి పంతులు. మీ తాత జైనూరుల మిషన్లు చూసేదుండె, నేనొస్త, అట్లనే అక్క కాడికి పోదామన్న. మీ నాయన కడుపుల ఉన్నడు. మూడో నెల. ఇంట్ల ఎవరికీ చెప్పలే, చెప్తే బండెక్కనిస్తరా? మీ తాతకు ఒక్కనికే ఎర్క. వద్దన్నడు, నేనే ఇనలే.

చలికాలమే అది. కాదు... మోదుగు పూలున్నయి తోవంత, ఎర్రగ. అయితే శివరాత్రి అయిపోయినట్టే. ఏమో బిడ్డ, స్వెట్టర్ గుడ యాదికొస్తది. ఏదైతేంది. ఉట్నూరుల బంకు మీద స్టాక్ లేదని పలక పెట్టిన్రు. మీ తాత బండిని ఊపిండు, ఇన్నడు. "ఆసిఫాబాద్ దాక వస్తది, మెల్లగ పోతే" అన్నడు. సరే అని పోయినం. జైనూరుల పని చేస్కొని, పగటియాల్ల మల్ల ఎక్కినం.

కెరమెరి గుట్టలు ఇంక ముంగట ఉన్నయనంగ, తోవ పక్కకు ఒకడు చెయ్యెత్తిండు. ఆయనొక్కడే కాదు, ఆయన పెండ్లాం, ఆమె చేతుల చద్దరుల చుట్టిన పిల్ల. వాళ్ల మోటర్ సైకిల్ ఆగిపోయి ఉంది. పెట్రోల్ అయిపోయిందట, పొద్దటి సంది ఒక్క బండి గుడ రాలేదట. పిల్లకు జరం. నేను దిగి ముట్టుకున్న, ఒళ్లు కాలిపోతుంది. ఏడుస్తలేదు. పిల్ల ఏడిస్తే భయం లేదు బిడ్డ, ఏడ్వకుంటేనే భయం. నా చెయ్యి తెల్వకుంటనే నా కడుపు మీదికి పోయింది. ఆమె చూసింది, ఆడిదానికి ఎర్కైతది కదా. 

మీ తాత వాళ్ల కాడ ఒక ఉత్త సీస తీస్కున్నడు. బండి కింద కూసొని, కార్బరేటర్‌కు పోయే పైపు గుంజి, ఆ సీసల పెట్టిండు. ఒక సీస నిండింది, వాళ్ల టాంకిల పోసిండు. ఇంకొకటి నిండింది, పోసిండు. మూడోది సగం కాంగనే ధార సన్నగై, చుక్కలై, ఆగింది. పైపు లేపి ఆ పిల్ల తండ్రికి చూపెట్టిండు. "అయిపోయింది తమ్మి, ఇగ లేదు" అన్నడు. ఆయన పరేషాన్ అయిండు, "అయ్యో, మరి మీరెట్ల?" అన్నడు. మీ తాత "మాకు దేవుడున్నడు, మీరు నడువున్రి" అన్నడు. నాకు యాదుంది ఆ మాట. ఎన్నడు దేవుని పేరు తియ్యనోడు! ఆ పిల్ల తండ్రి దండం పెట్టిండు, ఇద్దరు ఎక్కిన్రు, మేం వచ్చిన తోవకే పోయిన్రు.

వాళ్ల బండి సప్పుడు ఆగేదాక మీ తాత నిలబడే ఉన్నడు. నాకు ఒక దిక్కు సంబురం, ఒక దిక్కు ఏడుపు. మంచి పని చేసిండు, కాని ఇప్పుడు మనమేం కావాలె, నా కడుపులది ఏం కావాలె? నేను కిలోమీటర్ రాయి మీద కూసున్న. ఆయన వంగి పైపు ఎక్కిచ్చి, ఏందో తిప్పి, ఒక్క కిక్కు కొట్టిండు. బండి స్టార్ట్! నేను లేచి నిలబడ్డ. "ఏందయ్యా ఇది?" అంటే "ఎక్కు, ఎంత దూరం పోతే గంత దూరం" అన్నడు.

గుట్టలెక్కినం. ఇప్పుడాగుతది, గీ మలుపు కాడ ఆగుతది అని ఆయన అంగి గట్టిగ పట్టుకున్న. రాళ్లు లెక్కపెట్టుడు మర్చిన. గప్పుడే మొక్కుకున్న, నాంపల్లి దర్గాకు. "బాబా, కడుపుల పిల్లగాన్ని అక్క ఇంటి దాక చేర్పించు, నా కాళ్లు నడిచినన్ని రోజులు ప్రతి బేస్తారం నీ కాడికొస్త" అని. గుట్ట దిగినం. బండి ఆగలే. ఆసిఫాబాద్ వచ్చింది, అక్క ఇంటి గడప ముంగట ఆగింది. మా అక్కకు చెప్తే నమ్మలే. నువ్వే చెప్పు, పైపులకెల్లి చుక్క రానిది, గంత దూరం ఎట్ల వస్తది? అప్పటి సంది ఆలోచిస్తున్న, లెక్క తెగదు. గందుకే బేస్తారం తప్పలే. జరమొచ్చినా పోయిన, మోకాళ్లు పట్టేసినా ఆటోల పోయిన.

...ఏందే? ఏమన్నవ్?

మల్ల చెప్పు. నల్లా ఏ దిక్కు ఉండె అంటే? ఔ, టాంకి కింద చిన్న నల్లా, మీరు కాక్ అంటరు, ఉండె. అది ఆన్ మీద ఉంటే... అడుగున ఉన్న పెట్రోల్ రాదా? అంటే రిజర్వ్ అన్నది ఆ టాంకిలనే ఉంటదా? నేను రిజర్వ్ అంటే బండి దగ్గుడు అనుకున్న కదనే ఇన్నేండ్లు! "రిజర్వ్ పడ్డది, బంకు చూడాలె" అంటుండె, అంటే పెట్రోల్ తక్కువైంది అని చెప్పుడే అనుకున్న. ఆగు. ఆగాగు. కిక్కు కొట్టే ముందు ఆయన వంగి తిప్పింది గా నల్లానేనా? అయితే పైపులకెల్లి ఆగినప్పుడు టాంకి అడుగున ఇంకుండెనా? ఎంతుంటది? ఆసిఫాబాద్ దాక వస్తదా? వస్తదంటున్నవ్. నవ్వకుంట చెప్తున్నవ్ గనక నిజమే అయ్యుంటది.

మరి ధార ఆగినంక ఆయన బండిని ఊపలే. అగో, ఇప్పుడు తడుతుంది. ఎప్పుడు మూత తీసి ఊపేటోడు, ఆ పిల్ల తండ్రి ముంగట ఊపలే. ఊపితే సప్పుడైతుండె కదా. దర్గా లోపలికి గుడ ఎన్నడు రాలే. నన్ను దింపి, బయట పూల దుకాణం కాడ నా చెప్పులు పట్టుకొని నిలబడేటోడు. "నాకు గవన్ని తెల్వయి, నువ్వు పో" అంటుండె. నేను మొండోడు అనుకున్న. నాకేం సమజైతలేదు బిడ్డ. మంచిగ చేసిండా, మోసం చేసిండా?

ఏమయ్యా! ఓ... తాతకు ఇనిపిస్తలేదు, నువ్వు పిలువు జర, గట్టిగ. ఆ, ఇటు రా. గదిగో కుర్చీ. ఆ మోదుగు పూల నాడు, జరం పిల్ల, సీసల పెట్రోల్ పోసినవ్ చూడు, గుట్టల ముంగట? ఏ బండి ఏంది, నీకు ఒక్కటే బండుండె! టాంకిల రిజర్వ్ ఉండెనా గప్పుడు?

ఇన్నవా బిడ్డ? ఉండె అంటుండు. గంత సల్లగ చెప్తుండు.

మరి నాకెందుకు చెప్పలే అయ్యా? ఏమంటున్నడు... "నువ్వు దర్గాకు పోయి సంబురపడుతుంటివి, ఏం చెప్పాలె" అంటుండు. నా సంబురం కోసమా! సరే, నా సంగతి ఇడ్సిపెట్టు. వాళ్లు? గా మూడు సీసలు... రెండున్నర, వాళ్లకు సరిపోయినయా? దవాఖాన ఎంత దూరముండె వాళ్లకు? ఏ ఊరికి పోవాలె వాళ్లు? మన దిక్కు తోవల ఎవరు కలిసినా మొదటి మాట ఏడికి అనే కదా. నువ్వడగలేదా?

...

ఇన్నవానే? నాకు సక్కగ ఇనిపించిందా, లేకుంటె నేనే అనుకుంటున్ననా? "అడిగితే అది గుడ ఇయ్యాల్సొస్తుండె" అన్నడు. గదే కదా అన్నది?

ఏడుస్తున్నవేందయ్యా, ఊకో. బిడ్డ ముంగట. ఊకో. నీళ్లియ్యి తాతకు. నేను నిన్ను కోపం చేస్తలేను. చేద్దామంటే మీ నాయన మొఖం కండ్లల్ల తిరుగుతుంది, పక్క అర్రల టీవీ చూస్తుండు, యాభై కిలోలు పోయి తొంభై అయిండు. ఆ అడుగు పెట్రోల్ తోటే కదా వాడు ఇంటికి చేరిండు. మరి ఆ చద్దరుల పిల్ల? దానికి గుడ ఇప్పుడు పిల్లలుండొచ్చు. ఉండకపోవచ్చు. నేను ఇన్నేండ్లు నా కడుపు గురించే మొక్కుకున్న, దాని గురించి ఒక్క బేస్తారం గుడ మొక్కలే. ఎందుకంటే ఉన్నదంత ఇచ్చినమనుకున్న. ఇచ్చినంక ఇగ మనదేముంది అనుకున్న.

రేపు బేస్తారమేనా? నువ్వు ఎల్లినంక పోత. ఏమని మొక్కాల్నో తెల్వది, పోత మాత్రం.

దగ్గరికి రా, తల ఒంచు. సల్లగ పో, సల్లగ రా బిడ్డ. టాంకి నింపుకో, డబ్బా గట్టిగ కట్టుకో, ఆ నంబర్‌ను మాత్రం నమ్మకు. తోవల ఎవరన్న చెయ్యెత్తితే ఆగు. మనసుల భయమున్నా ఆగు. ఆగి ముందుగాల్ల ఏడికి పోవాల్నో అడుగు వాళ్లను. అడిగినంక... అడిగినంక ఏం చేయాల్నో నేనేం చెప్త బిడ్డ, నాకు గుడ తెల్వది.