మొదటి వెయ్యి వరుసలు

నీళ్ళు పరీక్షించే ఆఫీసులో రిపోర్టు రాసిన అతను గ్లాసెత్తి మంచినీళ్ళు తాగుతున్నాడు. ఊరంతా తిరిగి నమూనాలు తెచ్చినామె వచ్చి ఎదురుగా నిలబడింది.

“కుళాయిలన్నీ మంచివేనని ఏ మొహం పెట్టుకుని రాశారండీ?”

“డేటాబేస్‌లోని టేబుల్‌ని ప్రోగ్రాంలోకి లోడ్ చేశా. అదే చెప్పింది.”

“అందులో నేనెక్కించిన వరుసలు పన్నెండొందలు. మీకెన్ని వచ్చాయి?”

“వెయ్యి.”

“మిగతావి?”

“టెస్టింగ్‌కని మొదటి వెయ్యి వరుసలకే లిమిట్ పెట్టా. తీసెయ్యడం మర్చిపోయా. గోరంతలు కొండంతలు చెయ్యకండి.”

“పురుగులున్న నీళ్ళన్నీ ఆ రెండొందల్లోనే ఉన్నాయి. కాళ్ళరిగేలా తిరిగింది నేను, మీరు కాదు!”

“రేపు సరిచేస్తాలెండి! ఇంతకీ ఎక్కడివా కుళాయిలు?”

“చిట్టచివరిది మన వరండాలోది. ఆ గ్లాసు అక్కడే నింపుకున్నారుగా?”